షిఫ్ట్ డ్యూటీ చేస్తూ ఆటోమేటెడ్ ట్రేడింగ్: పైథాన్ నేర్చుకోవాలా, సీ ప్లస్ ప్లస్ నేర్చుకోవాలా?

పరవాడ_షిఫ్ట్ (ఆదివారం రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. ఉండేది గాజువాక, ఉద్యోగం పరవాడ ఫార్మా సిటీలో. కొంతకాలంగా నిఫ్టీ ఫ్యూచర్స్‌లో, నాలుగైదు పెద్ద షేర్లలో చేత్తో ఇంట్రాడే చేస్తున్నాను. నా పద్ధతి చాలామందికి తెలిసిందే. 9:15 నుంచి 9:30 దాకా ఉన్న గరిష్ఠం దాటితే కొంటాను, కనిష్ఠం కిందికి పోతే అమ్ముతాను, రెండో అంచున స్టాప్‌లాస్ (నష్టాన్ని అక్కడితో ఆపే ఆర్డర్) పెడతాను, 3:15కి అంతా క్లోజ్ చేసేస్తాను. రూల్స్ అన్నీ ఒక కాగితం మీద పట్టేస్తాయి కాబట్టి ఈ పని ప్రోగ్రామ్‌కి అప్పగిద్దామని ఆలోచన.

బీటెక్‌లో సీ, జావా చదివాను. ఎక్సెల్‌లో మాక్రోలు రాయగలను. ఇప్పుడు ఏ భాష పట్టుకోవాలో తేలడం లేదు. ఒక టెలిగ్రామ్ గ్రూపులో పైథాన్ స్లో, దాంతో ట్రేడింగ్ చేస్తే డబ్బులు పోతాయన్నారు. ఇంకొకరు రస్ట్ అన్నారు. రోజుకి గంట, గంటన్నర పెట్టగలను. తెలిసినవాళ్లు దారి చూపండి.

సిరిపురం_లోలేటెన్సీ (9:42)

ముంబైలో ఒక ప్రొప్రైటరీ (సొంత డబ్బుతో ట్రేడ్ చేసే) ట్రేడింగ్ కంపెనీలో పనిచేసి వచ్చినవాడిని, అందుకే సూటిగా చెప్తున్నా. సీరియస్‌గా చేయాలంటే సీ ప్లస్ ప్లస్సే. మెమరీ మీ చేతిలో ఉంటుంది. ఏ పనికి ఎన్ని నానోసెకన్లు పట్టిందో చూసుకోవచ్చు. మధ్యలో గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఊడ్చే భాగం) లేచి ప్రోగ్రామ్‌ని ఆపేయడం ఉండదు. పెద్ద కంపెనీల్లో ఆర్డర్ పంపే భాగం ఇందులోనే ఉంటుంది, లేదంటే ఏకంగా ఎఫ్‌పీజీఏ అనే, మనకి కావాల్సినట్టు మలుచుకునే చిప్‌లోకి దింపేస్తారు. మీకు సీ వచ్చు కాబట్టి సగం దారి అయిపోయినట్టే.

మధురవాడ_డెవ్ (10:05)

సిరిపురం అన్నా, మీరు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ మీ కంపెనీ సర్వర్లు బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఎక్స్ఛేంజ్ డేటా సెంటర్లోనే ఉండేవి. మన పరవాడ తమ్ముడు గాజువాకలో ఉన్నాడు.

లెక్క వేద్దాం. విశాఖ నుంచి ముంబైకి గాల్లో గీత గీస్తే దాదాపు 1,100 కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఒకవైపు 5.5 మిల్లీసెకన్లు, రానూపోనూ 11. అదీ కేబుల్ తిన్నగా వేస్తే. నిజంగా అది ఊళ్లన్నీ తిరిగి, రూటర్లన్నీ దాటి, బ్రోకర్ సర్వర్లో మార్జిన్ చెక్ (ఖాతాలో చాలినంత డబ్బుందా అని చూడటం) అయ్యాకే ఎక్స్ఛేంజ్‌కి చేరుతుంది. "15 నిమిషాల గరిష్ఠం దాటిందా లేదా" అని చూసే లెక్కకి పైథాన్‌లో ఒక మిల్లీసెకను కూడా పట్టదు. దాన్ని సీ ప్లస్ ప్లస్‌లో మైక్రోసెకనుకి తగ్గించారనుకోండి. మొత్తం ప్రయాణంలో మిగిలేదెంత?

మనలాంటి రిటైల్ వాళ్లు వేగంలో ఆ కంపెనీలతో పోటీ పడలేరు, ఏ భాషలో రాసినా. కాబట్టి వేగం పక్కనపెట్టి భాష ఎంచుకోవాలి. నా ఓటు పైథాన్‌కి. బ్రోకర్ల ఏపీఐలకి (మన ప్రోగ్రామ్ బ్రోకర్ సర్వర్‌తో మాట్లాడే దారి) లైబ్రరీలు ముందుగా వచ్చేది అందులోనే. డేటా మీద లెక్కలకి పాండాస్ అనే లైబ్రరీ ఉంది. దాన్ని వెస్ మెకిన్నీ 2008లో మొదలుపెట్టింది ఏక్యూఆర్ అనే పెట్టుబడి సంస్థలో పనిచేస్తూనే. అంటే పుట్టడమే మార్కెట్ డేటా కోసం పుట్టింది. లోపల బరువైన లెక్కలన్నీ సీలోనే జరుగుతాయి, పైథాన్ పైనుంచి పని చెప్తుందంతే.

సిరిపురం_లోలేటెన్సీ (10:21)

దూరం సంగతి ఒప్పుకుంటా. కానీ వేగం ఆర్డర్ పంపేటప్పుడే కాదు, బ్యాక్‌టెస్ట్‌లో (పాత ధరల మీద పద్ధతిని పరీక్షించడంలో) కూడా కావాలి. ఆప్షన్స్ టిక్ డేటా (ధర కదిలిన ప్రతిసారీ ఒక వరుస) మీద వేల కాంబినేషన్లు పరీక్షించాలంటే మామూలు పైథాన్ లూప్ తెల్లవార్లూ తిరుగుతుంది.

మధురవాడ_డెవ్ (10:30)

టిక్ డేటా అయితే నిజమే. తమ్ముడిది నిమిషం క్యాండిల్, అంటే నిమిషానికి ఒకటే వరుస. మార్కెట్ రోజుకి 375 నిమిషాలు, ఏడాదికి దాదాపు 250 రోజులు. ఒక్కో షేరుకి ఏడాదికి 93 వేల చిల్లర వరుసలు. అయిదేళ్లు తీసుకున్నా అయిదు లక్షల లోపే. పాండాస్‌లో వెక్టర్ పద్ధతిలో (లూప్ లేకుండా అన్ని వరుసలూ ఒకేసారి) రాస్తే ల్యాప్‌టాప్ మీద సెకన్లలో తేలిపోతుంది. రేపు ఆప్షన్స్‌కి వెళ్తే పోలార్స్ అనే లైబ్రరీ ఉంది, అది రస్ట్‌లో రాసింది, పైథాన్ నుంచే వాడుకోవచ్చు. ఏదైనా ఒక్క లూప్ మరీ నెమ్మదైతే నంబా (పైథాన్ లెక్కని మెషిన్ కోడ్‌గా మార్చేది) పెట్టొచ్చు.

ఎన్ఏడీ_బ్యాకెండ్ (10:48)

మీ ఇద్దరి మధ్యలో జావాని అందరూ మర్చిపోయారు. తమ్ముడికి జావా వచ్చని రాశాడు కదా! జావా స్లో అనేది పాత మాట. లండన్‌లో ఎల్‌మ్యాక్స్ ఎక్స్ఛేంజ్ వాళ్లు జావాలో ఒకే థ్రెడ్ మీద సెకనుకి 60 లక్షల ఆర్డర్లు ప్రాసెస్ చేసి చూపించారు. క్వాంట్‌కనెక్ట్ అనే ఆల్గో వేదిక వాళ్ల లీన్ ఇంజిన్ సీ షార్ప్‌లో ఉంది. జేన్ స్ట్రీట్ అనే పెద్ద ట్రేడింగ్ సంస్థ దాదాపు అన్నీ ఓకామ్ల్‌లో రాస్తుంది, ఆ భాష పేరు మన కాలేజీల్లో వినిపించడమే తక్కువ. ఇన్ని రకాల భాషల్లో ఇంత పెద్ద పని నడుస్తుందంటే దీనికి ఒకటే సరైన భాష లేదని అర్థం.

ఈ భాషల్లో పైథాన్‌కి లేని లాభం ఒకటుంది. ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్ తప్పులు పట్టుకుంటుంది. పైథాన్‌లో ఒక వేరియబుల్ పేరు తప్పు రాస్తే, ప్రోగ్రామ్ ఆ లైన్‌కి వచ్చేదాకా తెలీదు. ఆ లైను స్టాప్‌లాస్ తగిలినప్పుడు మాత్రమే నడిచేదైతే? సరిగ్గా డబ్బు పోతున్నప్పుడే ప్రోగ్రామ్ కూలిపోతుంది. నాకైతే ఇది వేగం కంటే పదింతలు ముఖ్యం.

మధురవాడ_డెవ్ (11:02)

మంచి పాయింట్. అందుకే పైథాన్ వాడేవాళ్లు టైప్ హింట్స్ (ఏ వేరియబుల్‌లో ఏ రకం విలువో చెప్పే సూచనలు) రాసి, మైపై లాంటి చెకర్‌తో రోజూ చూసుకోవాలి. స్టాప్‌లాస్ దారిని దొంగ డేటాతో కావాలని నడిపించి టెస్ట్ చేయాలి. ఇవి చేయని పైథాన్ కోడ్‌ని డబ్బు దగ్గర పెట్టకూడదని నేనూ అంటాను.

భీమిలి_పాతకాపు (సోమవారం ఉదయం 6:15)

బాబూ పరవాడ, ఇందులో కంప్యూటర్ భాషల సంగతి నాకు తెలియదు. రిటైరయ్యాను, మార్కెట్ మాత్రం రింగులో అరిచి కొనే రోజుల నుంచి చూస్తున్నాను. నీ పోస్టులో ఒక ముఖ్యమైన విషయం లేదు. షిఫ్ట్ అన్నావు. మరి మార్కెట్ నడిచేటప్పుడు నువ్వెక్కడుంటావు?

పరవాడ_షిఫ్ట్ (7:40)

మాస్టారూ, మూడు షిఫ్ట్‌లూ తిరుగుతాయి. 'ఏ' షిఫ్ట్ ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, బీ షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్ట్ రాత్రి. ప్రొడక్షన్ బ్లాకులోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గర లాకర్లో పెట్టేసి వెళ్లాలి, టీ బ్రేక్‌లో కూడా బయటికి వచ్చి చూసుకోవడం కుదరదు. అసలు ప్రోగ్రామ్ కావాలనుకున్నదే అందుకు.

ఎన్ఏడీ_బ్యాకెండ్ (8:20)

అయితే ప్రశ్నే మారిపోయింది. నీ ఫోన్ లాకర్లో ఉండగా ఇంటర్నెట్ తెగిపోతే, బ్రోకర్ సర్వర్ జవాబివ్వకపోతే, సగం ఆర్డరే ఫిల్ అయితే (అంటే అమలైతే) నీ ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? దానికి నువ్వు ఏ భాషలో తడుముకోకుండా జవాబు రాయగలవో అదే నీ భాష.

ఒక సందర్భం విడదీసి చూపిస్తా, ఎందుకంటే కొత్తవాళ్లందరూ ఇక్కడే చిక్కుకుంటారు.

9:31:04. గరిష్ఠం దాటింది. ప్రోగ్రామ్ కొనమని ఆర్డర్ పంపింది.
9:31:09. అయిదు సెకన్లు గడిచాయి. జవాబు లేదు. టైమ్‌అవుట్.

ఇప్పుడు ఆర్డర్ వెళ్లినట్టా, వెళ్లనట్టా? టైమ్‌అవుట్ అంటే "జవాబు నా దాకా రాలేదు" అని మాత్రమే. ఆర్డర్ ఎక్స్ఛేంజ్‌లో ఫిల్ కూడా అయిపోయి ఉండొచ్చు. చాలా ట్యుటోరియల్స్‌లో ఎర్రర్ వస్తే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించు అని ఒక లూప్ ఉంటుంది. వెబ్‌పేజీ తెరవడానికి ఆ లూప్ బాగానే ఉంటుంది. ఇక్కడ అదే లూపు ఒక లాట్ (ఫ్యూచర్స్‌లో కనీసం కొనాల్సిన సంఖ్య) కొనాల్సిన చోట నాలుగు లాట్లు కొంటుంది. ఆ మిగతా మూడింటికి నీ దగ్గర స్టాప్‌లాస్ ఉండదు, ఎందుకంటే వాటి సంగతే ప్రోగ్రామ్‌కి తెలీదు.

సరైన దారి ఇది. ప్రతి ఆర్డర్‌కీ పంపకముందే ఒక ట్యాగ్ తయారుచేసి మీ సొంత ఫైల్లో రాసుకోవాలి. టైమ్‌అవుట్ వస్తే కాసేపు ఆగి బ్రోకర్ దగ్గర్నుంచి ఆర్డర్ బుక్ (మన ఆర్డర్ల జాబితా) తెప్పించుకుని ఆ ట్యాగ్ ఉందేమో వెతకాలి. ఉంటే అది మన ఆర్డరే, మళ్లీ పంపకూడదు. లేదని రూఢి అయితేనే పంపాలి. ఆర్డర్ బుక్ కూడా రాకపోతే కొత్త ఆర్డర్లు ఆపేసి, మనిషికి మెసేజ్ పంపి కూర్చోవాలి. అలాగే ప్రోగ్రామ్ మధ్యలో చచ్చి మళ్లీ లేస్తే, మొదట చేయాల్సింది బ్రోకర్ దగ్గర నిజంగా ఏ పొజిషన్లు ఉన్నాయో అడగడం. తన మెమరీని నమ్ముకోకూడదు.

సిరిపురం_లోలేటెన్సీ (9:05)

ఇది అక్షరాలా నిజం. భాష ఎంత గొప్పదైనా ఇలాంటి చోట కాపాడదు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే పెద్ద సంస్థ ఉండేది. 2012 ఆగస్టు 1న కొత్త సాఫ్ట్‌వేర్‌ని ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సింది ఏడింట్లోనే పెట్టారు. మిగిలినదాంట్లో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ ఉంది. కొత్త పని కోసం వాడిన ఫ్లాగ్, ఆ పాత కోడ్‌ని నిద్రలేపే ఫ్లాగ్ ఒకటే. మార్కెట్ తెరిచిన దగ్గర్నుంచి ఆ సర్వర్ ఆపకుండా ఆర్డర్లు పంపుతూనే ఉంది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. కంపెనీని వేరేవాళ్లకి అప్పగించాల్సి వచ్చింది. అక్కడ ప్రోగ్రామర్లకి భాష రాక కాదు, ఎర్ర బటన్ ఒకటి నొక్కి అంతా ఆపే ఏర్పాటు సరిగా లేక.

మన దగ్గరా జరిగింది. 2012 అక్టోబరు 5న ఒక బ్రోకరేజ్ నుంచి వెళ్లిన 59 తప్పు ఆర్డర్లు నిఫ్టీని క్షణాల్లో 15 శాతానికి పైగా కిందికి లాగాయి.

కాబట్టి మొదట రాయాల్సిన కోడ్ కొనేదీ అమ్మేదీ కాదు. రోజుకి ఇంత నష్టం దాటితే, ఇన్ని ఆర్డర్లు దాటితే అంతా ఆపేసే చిన్న ప్రోగ్రామ్. అది వేరే ప్రాసెస్‌గా నడవాలి, స్ట్రాటజీ కోడ్‌తో కలిసి ఉండకూడదు. స్ట్రాటజీ పిచ్చెక్కినప్పుడు దానికీ పిచ్చెక్కకూడదు కదా.

ఏయూ_స్టాట్స్ (మధ్యాహ్నం 1:20)

ఆంధ్రా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చేస్తున్నాను. అందరూ ఆర్డర్ల గురించే మాట్లాడుతున్నారు, పరవాడ గారి స్ట్రాటజీకి లాభం ఉందో లేదో ఎవరూ అడగలేదు. బ్యాక్‌టెస్ట్ చేశారా?

చేసేటప్పుడు మీ పద్ధతిలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఉన్నాయి. గరిష్ఠం 1,500 అనుకోండి. 9:34 క్యాండిల్లో ధర 1,500 దాటింది. బ్యాక్‌టెస్ట్ కోడ్ "1,500కి కొన్నాం" అని రాసేసుకుంటుంది. నిజంగా అయితే ధర 1,499 నుంచి ఒక్క గెంతుతో 1,502కి పోయి ఉండొచ్చు, మీకు దొరికేది అక్కడే. మీ టార్గెట్ ఆరు రూపాయలైతే మూడో వంతు అక్కడే పోయింది.

ఇంకొకటి. కొన్ని రోజుల్లో ఒకే నిమిషంలో ధర మీ టార్గెట్‌నీ, స్టాప్‌లాస్‌నీ రెండింటినీ తాకుతుంది. ఏది ముందు తాకిందో నిమిషం క్యాండిల్ చెప్పదు. కోడ్‌లో టార్గెట్ చెక్‌ని ముందు రాస్తే అలాంటి రోజులన్నీ లాభాలుగా లెక్కకొస్తాయి. నష్టమే ముందు తగిలిందనుకుని రాయండి. ఆ తర్వాత కూడా లాభం మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం.

షేర్ల జాబితా కూడా చూడండి. ఇవాళ నిఫ్టీలో ఉన్న షేర్లతో పదేళ్ల వెనక్కి పరీక్ష చేస్తే, మధ్యలో పడిపోయి జాబితా నుంచి బయటికి పోయినవి లెక్కలోకే రావు. బతికి బట్టకట్టినవాటినే పరీక్షించినట్టు.

ఈ పనికి మాత్రం పైథాన్‌కి పోటీ లేదు. నేను ఆర్ కూడా వాడతాను, గణాంకాలకి అది చాలా బాగుంటుంది. కానీ దాంతో లైవ్ ఆర్డర్లు నడపమని చెప్పను. రీసెర్చ్ ఒక భాషలో, లైవ్ ఇంకో భాషలో రాస్తే ఒకే స్ట్రాటజీని రెండుసార్లు రాయాలి, రెండూ సరిగ్గా ఒకేలా ఉన్నాయని నిరూపించుకోవాలి. ఒక్కరే ఉన్నవాళ్లకి అది పెద్ద తలనొప్పి.

ద్వారకానగర్_సీఏ (సాయంత్రం 7:30)

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. మా ఆఫీసుకి జూన్, జూలైల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) క్లయింట్లు చాలామంది వస్తారు. ప్రోగ్రామింగ్ నాకు రాదు, కానీ ఆ ప్రోగ్రామ్ తయారుచేసే లెక్కలు చివరికి నా టేబుల్ మీదికే వస్తాయి. అందుకని రాస్తున్నాను.

ఇంట్రాడేలో షేర్లు కొని అమ్మితే అది స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయం. ఎఫ్ అండ్ ఓ నాన్-స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయం. రెంటినీ విడివిడిగా చూపాలి. మొదటిదాంట్లో నష్టాన్ని నాలుగేళ్ల వరకు, రెండోదాంట్లో ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు, రిటర్న్ గడువులోగా వేస్తేనే. కాబట్టి ప్రోగ్రామ్ మొదటి రోజు నుంచే ప్రతి ట్రేడ్‌ని తేదీ, టైమ్, సెగ్మెంట్, ఛార్జీలతో సహా ఒక ఫైల్లో రాసుకోవాలి.

బ్యాక్‌టెస్ట్‌లో ఖర్చులు వదిలేసేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది. ఇంట్రాడే షేర్లలో అమ్మకం మీద 0.025 శాతం ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి ఫ్యూచర్స్ అమ్మకం మీద ఎస్‌టీటీ 0.0125 నుంచి 0.02 శాతానికి, ఆప్షన్స్ ప్రీమియం మీద 0.0625 నుంచి 0.1 శాతానికి పెరిగింది, ఇప్పటి రేటు ఎంతో చూసుకుని లెక్క వేయండి. దీనికి బ్రోకరేజ్, ఎక్స్ఛేంజ్ ఛార్జీ, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ అదనం. రోజుకి పదిసార్లు తిరిగే స్ట్రాటజీలో కాగితం మీది లాభం మొత్తం ఇక్కడే కరిగిపోవచ్చు.

2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. 2023–24లో విదేశీ ఫండ్ల లాభాల్లో 97 శాతం, ప్రొప్రైటరీ ట్రేడర్ల లాభాల్లో 96 శాతం ఆల్గో ట్రేడింగ్ (ప్రోగ్రామ్‌లతో చేసే ట్రేడింగ్) నుంచే వచ్చాయి. ఇది చదివి "అయితే నేనూ ఆల్గో రాస్తే గెలుస్తాను" అనుకోకండి. నాకు అర్థమైంది వేరు. మీకు ఎదురుగా కూర్చున్నది ఆ యంత్రాలే. దయచేసి ఇంటి లోన్ డబ్బు, పిల్లల ఫీజు డబ్బు ఇందులో పెట్టొద్దు.

ఇంకొక్క మాట, ఈ ఊళ్లో నేవీ, పోర్టు, రైల్వే ఉద్యోగులు చాలామంది ఇది చదువుతారు కాబట్టి. కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలో 16వ నియమం ప్రకారం షేర్లలో స్పెక్యులేషన్ చేయకూడదు, తరచూ కొని అమ్మడాన్ని స్పెక్యులేషన్‌గానే చూస్తారు. ప్రోగ్రామ్ చేసింది, నేను చేయలేదు అంటే కుదరదు. ఎవరి సర్వీస్ రూల్స్ వాళ్లు చూసుకోండి.

పరవాడ_షిఫ్ట్ (8:15)

మేడం, చాలా థాంక్స్. ఈ శాతాలు చూస్తే టెన్షన్ వచ్చింది, కానీ చెప్పడం మంచిదైంది. నా డబ్బు పక్కన పెట్టుకున్నదే, అప్పు కాదు. ఏయూ గారూ, బ్యాక్‌టెస్ట్ ఎక్సెల్‌లో చేశాను, ఖర్చులు కలపలేదు. గరిష్ఠం ధరకే కొన్నట్టు వేశాను.

ఇంకో డౌటు. ఇంట్లో డెస్క్‌టాప్ ఆన్ చేసి వదిలేస్తే సరిపోతుందా? ఏపీఐకి స్టాటిక్ ఐపీ కావాలంటున్నారు, అదేంటి?

మధురవాడ_డెవ్ (8:50)

ఇంటి డెస్క్‌టాప్ వద్దు. హుద్‌హుద్ గుర్తుంది కదా, 2014 అక్టోబరు 12. ఆ తర్వాత కరెంటు, ఫోన్లు తిరిగి రావడానికి ఊరంతా ఎదురుచూశాం. అంత దూరం ఎందుకు, గట్టి వాన పడి ఫీడర్ ట్రిప్ అయితే చాలు, నీ పొజిషన్ గాల్లో ఉండిపోతుంది. ముంబైలో ఏదైనా క్లౌడ్‌లో చిన్న సర్వర్ తీసుకో. దానికి స్టాటిక్ ఐపీ కూడా తీసుకోవచ్చు.

స్టాటిక్ ఐపీ అంటే ఎప్పుడూ మారని ఇంటర్నెట్ చిరునామా. 2025 ఫిబ్రవరి 4న రిటైల్ ఆల్గో ట్రేడింగ్ మీద సెబీ సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం నీ ఏపీఐ కీ నువ్వు ముందే నమోదు చేసిన ఐపీ నుంచి మాత్రమే పనిచేయాలి. ఎక్స్ఛేంజ్‌లు సెకనుకి 10 ఆర్డర్ల హద్దు పెట్టాయి. దాని లోపల ఉంటే నీ సొంత ఆల్గోని ప్రత్యేకంగా రిజిస్టర్ చేయనక్కర్లేదు. దాటితే బ్రోకర్ ద్వారా చేయించాలి. నీది రోజుకి పది ఆర్డర్లు కూడా ఉండవు. చూశావా, సెకనుకి పది ఆర్డర్ల ప్రపంచంలో సీ ప్లస్ ప్లస్ వేగం ఎక్కడ వాడతావు?

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, స్టాప్‌లాస్ నీ ప్రోగ్రామ్ తలలో దాచుకోకు. కొన్న వెంటనే ఎక్స్ఛేంజ్‌లో స్టాప్‌లాస్ ఆర్డర్ పెట్టేయి. నీ సర్వర్ మాయమైనా అది అక్కడ ఉంటుంది.

సిరిపురం_లోలేటెన్సీ (9:20)

ఒప్పుకున్నా, పైథానే కానివ్వండి. డబ్బుని మాత్రం దశాంశాల్లో పెట్టొద్దు. చాలా భాషల్లో మామూలు ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే రకం) 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. చాలా ఆప్షన్లలో ధర 5 పైసల మెట్ల మీదే కదలాలి. నీ లెక్కలో 101.35 బదులు 101.35000000000001 వచ్చిందంటే ఆర్డర్ రిజెక్ట్ అవ్వొచ్చు, లేదా సమానమేనా అని చూసే లైన్ తప్పు చెప్తుంది. అన్నీ పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచుకోండి, చూపించేటప్పుడు 100తో భాగించండి.

ధర ఎప్పుడూ సున్నా పైనే ఉంటుందని కూడా కోడ్‌లో రాయొద్దు. 2020 ఏప్రిల్‌లో ముడి చమురు ఫ్యూచర్స్ అమెరికాలో సున్నా కిందికి పోయాయి, మన కమోడిటీ ఎక్స్ఛేంజ్ ఎంసీఎక్స్‌లో ఆ కాంట్రాక్ట్ బ్యారెల్‌కి మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిల్ అయింది. మైనస్ ధర ఊహించని సాఫ్ట్‌వేర్లు ఆ రోజు చేతులెత్తేశాయి.

ఎన్ఏడీ_బ్యాకెండ్ (9:45)

అదే కోవలో, టైమ్‌లు కూడా కోడ్‌లో గట్టిగా రాసేయొద్దు. 2021 ఫిబ్రవరి 24న ఎన్ఎస్ఈలో సాంకేతిక సమస్యతో 11:40కి ట్రేడింగ్ ఆగింది. మళ్లీ 3:45కి తెరిచి 5 గంటల దాకా నడిపారు. 3:30కి మార్కెట్ అయిపోతుందని రాసుకున్న ప్రోగ్రామ్‌లన్నిటికీ అప్పటికే రోజు ముగిసింది. 2025 ఫిబ్రవరి 1 శనివారం, బడ్జెట్ కోసం మార్కెట్ నడిచింది. శని, ఆదివారాలు సెలవు అని రాసిన కోడ్ ఆ రోజు నిద్రపోయింది. నిఫ్టీ ఆప్షన్స్ వారపు ఎక్స్‌పైరీ (కాంట్రాక్ట్ గడువు తీరే రోజు) గురువారం ఉండేది, 2025 సెప్టెంబరు నుంచి మంగళవారానికి మారింది. 2024 చివర్లో నిఫ్టీ లాట్ 25 నుంచి 75కి పోయింది, ఆ తర్వాత అదీ మారింది. ఇవన్నీ బయటి ఫైల్లో ఉండాలి.

నువ్వు ఏ షిఫ్ట్‌లో ఉన్నప్పుడు నడుపుదామనుకుంటున్నావు? బ్రోకర్ ఏపీఐకి రోజూ ఒకసారి లాగిన్ అవ్వాలి. కొన్ని బ్రోకర్ల దగ్గర పాత లాగిన్ టోకెన్ ఉదయం 6 గంటలకి చెల్లకుండా పోతుంది. 'ఏ' షిఫ్ట్ రోజున ఆ టైమ్‌కి నీ ఫోన్ లాకర్లో ఉంటుంది.

పరవాడ_షిఫ్ట్ (10:10)

ఇది నేనసలు ఆలోచించలేదు. 5 గంటలకే గాజువాకలో బస్ ఎక్కేస్తాను. అంటే 'ఏ' షిఫ్ట్ వారాల్లో ఇంట్రాడే కుదరదన్నమాట.

భీమిలి_పాతకాపు (10:25)

కుదరకపోతే మంచిదే బాబూ. కనిపించని చోట పొజిషన్ పెట్టుకుని ఎనిమిది గంటలు పని చేయడం నాకు నచ్చలేదు మొదటి నుంచీ. రియాక్టర్ దగ్గర నిలబడి మనసు నిఫ్టీ మీద ఉంటే అది డబ్బు కంటే పెద్ద ప్రమాదం.

మధురవాడ_డెవ్ (10:40)

మాస్టారి మాటే నాదీ. సీ షిఫ్ట్ వారంలో పగలు ఇంట్లో ఉంటావు కాబట్టి రోజంతా ఇంట్రాడేకి అదొక్కటే వీలు. అప్పుడూ నిద్ర ముఖ్యం, అది మర్చిపోకు. బీ షిఫ్ట్ వారంలో చేయాలంటే 3:15 వరకు ఆగకుండా 12:30కే క్లోజ్ చేసేలా రాసుకో, బ్యాక్‌టెస్ట్ కూడా ఆ టైమ్‌తోనే మళ్లీ చెయ్యి. 'ఏ' షిఫ్ట్ వారాలకి రోజువారీ క్యాండిల్ మీద నడిచే పద్ధతి ఏదైనా చూడు. రాత్రి 8కి ప్రోగ్రామ్ ఆ రోజు ముగింపు ధరలు చూస్తుంది, షేర్లలో ఆఫ్టర్ మార్కెట్ ఆర్డర్ పెడుతుంది, కొన్నదానికి జీటీటీతో (ధర ఫలానా చోటికి వస్తే ఆర్డర్ పంపమని ముందే పెట్టే సూచన) స్టాప్ పెడుతుంది. జీటీటీ బ్రోకర్ దగ్గర ఉండేది, ఉదయం ధర గ్యాప్‌తో తెరుచుకుంటే లిమిట్ దాటి పోవచ్చు, అది లెక్కలో ఉంచుకో. కానీ సాయంత్రం ఇంట్లో కూర్చుని, ప్రతి ఆర్డర్‌నీ కళ్లతో చూసి పంపొచ్చు.

ఏయూ_స్టాట్స్ (10:52)

రోజుకి ఒకసారి నడిచే ప్రోగ్రామ్‌కి ఎక్సెల్ మాక్రో వేగం కూడా ఎక్కువే. పైథాన్ నేర్చుకోండి, పరీక్షలకి డేటా శుభ్రం చేయడంలో సాయం కావాలంటే శనివారాలు నేను ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఉంటాను.

పరవాడ_షిఫ్ట్ (11:15)

సరే, నిర్ణయించుకున్నాను. పైథాన్. ముందు నా పాత పద్ధతిని ఖర్చులతో, చెడ్డ ఫిల్ ధరలతో మళ్లీ పరీక్షిస్తాను. నిలబడకపోతే వదిలేస్తాను. నష్టం హద్దు చూసే ప్రోగ్రామ్ ముందు రాస్తాను, ఆర్డర్ భాగం దాని తర్వాతే. మొదట పేపర్ ట్రేడింగ్ (డబ్బు పెట్టకుండా ఉత్తుత్తి ట్రేడింగ్), ఆ తర్వాత ఒక్క షేరుతో. ఏయూ గారూ, ఈ శనివారం నాకు వీక్లీ ఆఫ్, లైబ్రరీకి వస్తాను.

ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది. లాట్ సైజు, ఎక్స్‌పైరీ తేదీ బయటి ఫైల్లో ఉండాలన్నారు. ఆ ఫైల్ నేనే రాసుకోవాలా?

ఎన్ఏడీ_బ్యాకెండ్ (11:22)

అక్కర్లేదు. బ్రోకర్ ఏపీఐలో ఇన్‌స్ట్రుమెంట్ జాబితా ఒక సీఎస్‌వీ ఫైల్‌గా ఇస్తారు. లాట్ సైజు, టిక్ సైజు, ఎక్స్‌పైరీ అన్నీ అందులోనే ఉంటాయి. రోజూ ఉదయం మార్కెట్ తెరవకముందే కొత్తది దించుకో, నిన్నటి ఫైల్‌తో పోల్చి ఏదైనా మారితే నీకు మెసేజ్ వచ్చేలా పెట్టు. సెలవుల జాబితా మాత్రం ఎక్స్ఛేంజ్ సర్క్యులర్ చూసి చేత్తో రాసుకోవాలి, మధ్యలో మారినప్పుడల్లా దిద్దుకోవాలి.